కళ్ళు తెరిపించే పని

మొన్న మా మేనకోడలి బిడ్డకి బాప్తిస్మం అయ్యాక చర్చి మెట్ల మీద అందరం వరసగా నిలబడి ఫోటో దిగాం. దిగిన వెంటనే మేనకోడలు ఫోను చూసి పకపకా నవ్వింది. "అత్తా, మళ్ళీ కళ్ళు మూసేశావు. ఉండు, తెరిపిస్తాను" అంది. నేను ఏదో అనేలోపే వేలితో తెర మీద ఒక్క పొడుపు పొడిచింది. నా కళ్ళు తెరుచుకున్నాయి. చక్కగా, పెద్దగా, మెరుస్తున్న కళ్ళు. అవి నావి మాత్రం కావు. నా కళ్ళు చిన్నవి, ఎడమ రెప్ప కాస్త వాలి ఉంటుంది. ఫోనుకి అదంతా ఎవరు చెబుతారు? "ఎంత బావున్నావో చూడు" అని మేనకోడలు అందరికీ చూపించింది, అందరూ బావుందన్నారు, ఈలోగా భోజనాలకి రమ్మని పిలిస్తే అటు వెళ్ళిపోయారు. మూసిన కళ్ళు తెరిపించే పని ఒకప్పుడు నేనూ చేశాను. దానికి నాకు జీతం కూడా ఇచ్చేవారు.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. రాజోలు దగ్గర పల్లెటూరు మాది. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఎవరి దగ్గర నేర్చుకున్నానో తెలీదు గానీ నాకు బొమ్మల పిచ్చి ఉండేది. కాగితం కనపడితే వదిలేదాన్ని కాదు. పెళ్ళి శుభలేఖల వెనక వైపు, బడి పుస్తకాల అంచులు, ఆఖరికి ఆదివారం ఆరాధనలో కానుకల కవరు కూడా. రంగులకి వంటిల్లే దిక్కు. పసుపు, పొయ్యి బొగ్గు, బట్టలకి పెట్టే నీలిమందు, పెరట్లో బచ్చలిపళ్ళు. బచ్చలిపళ్ళ ఊదా రంగు అంత అందమైనది ఇంకోటి లేదు, కాకపోతే తెల్లారేసరికి చీమలు పట్టేవి. నేను వేసిన మేరీ తల్లి పైట మొత్తం ఓసారి చీమలే తినేశాయి. రాజోల్లో పుస్తకాల షాపు అద్దాల బీరువాలో గొట్టాల రంగుల పెట్టె ఒకటి ఉండేది. బడి నుంచి వచ్చేటప్పుడు దాని ముందు కాసేపు నిలబడితే గానీ నాకు ఆ రోజు గడిచినట్టు ఉండేది కాదు. నాన్నగారిని అడిగితే, "లెక్కల్లో తెచ్చుకున్న మార్కులకి రంగులు కూడానా?" అన్నారు. అయితే నేనే పని చేసి కొనుక్కుంటానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "వెళ్ళనివ్వండి, తనే మానేస్తుంది" అంది అమ్మ.

పని దొరకడం అంత తేలికేమీ కాలేదు. ముందు కొబ్బరి ఈనెలు చీరి చీపుర్లు కట్టే చోటికి వెళ్ళాను. సాయంత్రానికి వేళ్ళన్నీ సన్నగా కోసుకుపోయి బ్రష్షు పట్టుకోవడానికి కూడా పనికిరాలేదు. రంగుల కోసం వెళ్ళి వేళ్ళు పోగొట్టుకోవడమేమిటని మానేశాను. బట్టల కొట్లో అడిగితే యజమాని నన్ను నిలువునా చూసి, పై అరలో చీర తీసి చూపించమన్నారు. స్టూలు ఎక్కినా అందలేదు. చివరికి మలికిపురం సెంటర్లో ఉన్న ఫోటో స్టూడియో మెట్లెక్కాను. ఆ స్టూడియో ఆయన్ని ఊళ్ళో పిల్లలందరం మావయ్యగారు అనే పిలిచేవాళ్ళం. లావుగా, నుదుటిన కుంకంబొట్టుతో, ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడుతూ ఉండే మనిషి. ఏమొచ్చని అడిగితే బొమ్మలొచ్చన్నాను. "అయితే నా కళ్ళు వెయ్యమ్మా" అని కాగితం ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. వేసి ఇస్తే దాన్ని చెయ్యి బారుగా చాపి దూరం పెట్టి చూసుకున్నారు. "నాకు చత్వారం వచ్చేసిందమ్మా. అల్లంత దూరాన గోదారి కనపడుతోంది గానీ, చేతిలో ఉన్న కనుపాప కనపడట్లేదు. రేపట్నించి వచ్చెయ్" అన్నారు.

పని ఏమిటో నాకు మర్నాడు తెలిసింది. ఆ రోజుల్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవారు కాదు. మనిషి పోయాకే ఫోటో లేదన్న సంగతి ఇంట్లోవాళ్ళకి గుర్తొచ్చేది. అప్పుడు స్టూడియోకి పరిగెత్తుకొచ్చేవారు. మావయ్యగారు కెమెరా పట్టుకెళ్ళి, పోయినవాళ్ళని గోడకి ఆనించి కూర్చోబెట్టి, తల దువ్వించి ఫోటో తీసుకొచ్చేవారు. దాన్ని పెద్దగా కడిగి, మూసిన రెప్పల్ని బ్లేడుతో గీకి, సన్న బ్రష్షుతో నల్లరంగు అద్ది, తెరిచిన కళ్ళు వెయ్యాలి. చివరగా కనుపాపలో ఒక తెల్ల చుక్క. ఆ చుక్క పడగానే మనిషి నా వైపు చూసేవాడు. మొదటిసారి భయంతో బ్రష్షు కింద పడేశాను. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. ఇంటికెళ్ళి తమ్ముడితో ఈ రోజు ఇద్దరు తాతల్ని లేపానని చెప్పుకునేదాన్ని. అమ్మ వినలేక చెవులు మూసుకునేది.

పోయినవాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో మాకేం తెలుసు? అందుకని వాళ్ళ పోలిక ఎవరిలో ఉందో అడిగి, ఆ మనిషిని స్టూడియోకి రప్పించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ళ కళ్ళు చూసి వేసేవాళ్ళం. తండ్రికి కొడుకు, అక్కకి చెల్లెలు. అలా వచ్చిన వాళ్ళతో మావయ్యగారు ఆడే పరాచికాలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఓ రోజు ఒకాయన తండ్రి కోసం వచ్చి తల వంచుకుని కూర్చున్నారు. మావయ్యగారు ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి లేపి, "మీ నాన్నగారు గురక పెడితే పక్కింటి గేదె తాడు తెంపుకునేదని విన్నానండి. నిజమేనాండీ?" అన్నారు. ఆయన బిత్తరపోయి చూసి, "పక్కింటిది కాదండి, మా గేదేనండి" అని పుసుక్కున నవ్వేశారు. నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఊఁ, వెయ్యమ్మా" అన్నారు మావయ్యగారు నాతో. ఇంట్లో శవం లేచి వారం కాలేదు, ఈ వెకిలితనం ఏమిటని నేను పళ్ళు కొరుక్కుంటూ వేశాను. ఆ వయసులో నాకు మర్యాదంటే నోరు మూసుకుని ఉండటమే.

అలా ఉండగా ఒక శనివారం మావయ్యగారు నగరం అనే ఊళ్ళో పెళ్ళి ఫోటోలకి వెళ్తూ, టేబుల్ మీద ఒక పెద్ద ఫోటో పెట్టి, "గోదారి లంకలోంచి ఈ పాప తల్లి వస్తుందమ్మా. కూర్చోబెట్టి నువ్వే వేసెయ్. నీకు చెయ్యి తిరిగింది కదా" అన్నారు. ఫోటోలో మూడేళ్ళ పాప. రెండు పిలకలు, కుచ్చుల గౌను, ముఖానికి కాస్త ఎక్కువైన పౌడరు. నిద్రపోతోందనుకోవచ్చు. జ్వరం వచ్చి పోయిందట. మధ్యాహ్నం పడవ దిగి ఆవిడ వచ్చింది. సన్నగా, చిన్న వయసు మనిషి. ఫోటో అందుకోబోయిన ఆవిడ వేళ్ళు చూడగానే ఈనెలు చీరే పని చేస్తుందని తెలిసింది. అవే కోతలు, నావి మానిపోయాయి, ఆవిడవి మానలేదు. పాప ఎవరి పోలికని అడిగాను.

"నా పోలికేనమ్మా. కళ్ళయితే అచ్చంగా నావే అనేవోరు అందరూ" అంది. "వాళ్ళ నాన్న కువైట్‌లో ఉన్నాడు. ఇది కడుపులో ఉండగా వెళ్ళేడు, ఇంకా చూళ్ళేదు. ఒక కాపీ ఆయనకి పంపాలి, ఒకటి రేపు ఆదరణ కూడికలో ప్రార్థన దగ్గర పెట్టాలి. ఫోటో తీయిద్దామనే అనుకున్నామమ్మా. పుట్టినరోజుకి కొత్త గౌను కొన్నాక తీయిద్దామని ఆగేం. ఆ గౌనే అది."

నేను ఆవిణ్ణి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. పరాచికాలాడే మనిషి ఊళ్ళో లేకపోవడం ఎంత మంచిదైందో అనుకున్నాను. ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు. "ఇటు చూడండమ్మా" అన్నానంతే. ఆవిడ చూసింది. కింది రెప్పలు ఉబ్బి ఉన్నాయి. నీరు కారకుండా అంచున నిలబడి ఉంది. చూపు నా ముఖం మీదే ఉంది గానీ నన్ను చూడటం లేదు. ఏడ్చి ఏడ్చి, ఇంకా ఏడవాల్సింది మిగిలి ఉన్న కళ్ళవి. నాకదేమీ తట్టలేదు. ఉన్నది ఉన్నట్టు దింపడమే నాకు తెలిసిన విద్య. అంత బాగా నేను అంతకుముందెప్పుడూ వెయ్యలేదు. రెప్ప వాపు, తడి మెరుపు, అన్నీ వచ్చాయి. తెల్ల చుక్క పెట్టి, ఆరేదాకా ఊది, గర్వంగా ఆవిడ చేతుల్లో పెట్టాను.

ఆవిడ కోసుకుపోయిన ఆ వేళ్ళతో ఫోటో మీద పాప చెంప తుడిచింది. "ఎందుకమ్మా ఏడుత్తున్నావు? నొప్పిగా ఉందా?" అంది. నాతో కాదు, ఫోటోతో.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు పెళ్ళి నుంచి తిరిగొచ్చారు. భుజం మీద కెమెరా సంచీ, చొక్కా మీద ఇంకా అక్షింతలు. ఆవిడ వెనకాల నిలబడి చెయ్యి బారు దూరం నుంచి ఫోటో చూశారు. ఆయన ముఖంలో నవ్వు లేకుండా చూడటం నాకదే మొదలు. నా దగ్గరికొచ్చి మెల్లిగా, "నవ్వించలేదా అమ్మా?" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు అన్ని రోజుల పరాచికాలూ అర్థమైపోయాయి. గేదె, తాడు, గురక, అన్నీ. బల్ల కింద దూరిపోవాలనిపించింది. "రోజూ చూస్తున్నావు కదా, తెలిసే ఉంటుందనుకున్నాను" అన్నారాయన, నన్ను తిట్టలేదు. ఆవిడతో, "ఇంకో కాపీ కడిగి మళ్ళీ వేయిస్తానండి. ఒక్క రెండ్రోజులు ఆగండి" అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి ఫోటోని పైట కింద దాచుకుంది. "వద్దు బాబూ. కూడిక రేపే. ఇంట్లో నేనొక్కదాన్నే ఏడుత్తున్నాను. ఇది తోడుంటాది" అంది. కువైట్‌కి పంపే కాపీ కూడా దీన్నుంచే తీయించమని చెప్పి, పడవ వేళైందని వెళ్ళిపోయింది. ఆ నాన్న కూతుర్ని మొదటిసారి ఏడుస్తుండగానే చూసి ఉంటాడు.

నెలాఖరున రంగుల పెట్టె కొన్నాను. కొనకుండా ఉంటే కథ బావుండేది గానీ, కొన్నాను. స్టూడియోకి వెళ్ళడం మాత్రం మానేశాను. తనే మానేస్తుందన్న అమ్మ మాట నిజమైనందుకు ఆవిడ కూడా సంతోషించలేదు. ఆ రంగులతో గోదారి వేశాను, పడవలు వేశాను, వానలో తడిసే కొబ్బరాకుల కప్పు వేశాను. తర్వాత ఆ బొమ్మలతోనే హైస్కూల్లో డ్రాయింగు టీచరు ఉద్యోగం చేశాను. కాకపోతే నా బొమ్మల్లో మనుషులందరూ అటు తిరిగి ఉంటారు. "టీచరుగారూ, వీళ్ళందరికీ మనమంటే కోపమాండీ?" అని పిల్లలు అడిగేవారు. ఆయ్, కోపమేనని చెప్పేదాన్ని. రంగు ఫోటోలొచ్చాక మావయ్యగారు స్టూడియో మూసేశారు. ఆయన పోయినప్పుడు మాత్రం ఎవరూ కళ్ళు వెయ్యాల్సిన పని పడలేదు. ముందుచూపున్న మనిషి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ తన ఫోటో తనే తీయించి పెట్టుకున్నారు.

ఉద్యోగం చివరి రోజుల్లో జనాభా లెక్కల పని మీద లంకలో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఒక చిన్న డాబా ఇంట్లోకి అడుగు పెట్టగానే ఎదురు గోడ మీద ఆ పాప కనపడింది. పిలకలు, కుచ్చుల గౌను. అంచులు పసుపుపచ్చబడ్డాయి గానీ కళ్ళు మాత్రం నేను పెట్టిన తడి ఆరకుండా అలాగే ఉన్నాయి. కుర్చీ వేసిన ముసలావిడ నా చూపు గమనించి, "మా పాపండి" అంది. కూర్చుని, ఆ కళ్ళు వేసింది నేనేనని చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు. "మీరేనాండీ! అప్పుడు చిన్నపిల్లండి మీరు" అని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఇప్పుడేం చేస్తున్నారని అడిగితే డ్రాయింగు టీచర్నని చెప్పాను. ఆవిడ నా పక్కన కూలబడి గోడకేసి చూసింది.

"వాళ్ళ నాన్న కూడా పోయేడండి. నాకేమో ఏడుపు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇదొక్కత్తే ఏడుత్తోందండి. పొద్దున్న లేచి చూత్తే అదే, దీపం ఆర్పేముందు చూత్తే అదే. మీకు బొమ్మలొచ్చు కదండీ. దీన్ని నవ్వించడం అవుద్దాండీ?"

అవుతుందన్నాను. ఇన్నేళ్ళుగా మనుషుల ముఖాలు వెయ్యని దాన్ని, ఆ ఒక్క ముఖం వెయ్యడానికి అప్పటికప్పుడు సిద్ధపడ్డాను. ఆవిడ ఎదుటికి కుర్చీ జరుపుకుని, మావయ్యగారిని తలుచుకుని, "మీ పాప గురక పెట్టేదాండీ?" అన్నాను. ఆవిడ బిత్తరపోయి, పుసుక్కున నవ్వింది. చిగుళ్ళు కనపడ్డాయి, కళ్ళ చుట్టూ ముడతలు పడ్డాయి. ఆ కళ్ళలో పొర కమ్మేసి ఉంది, పాప కోసం తీసుకోవడానికి అందులో నాకేమీ దొరకలేదు. సరే, ఆవిడ చెబితే ఊహించి వేద్దామనుకున్నాను. "నవ్వితే ఎలా ఉండేదండీ పాప? బుగ్గ సొట్ట పడేదా? కళ్ళు చిన్నవయ్యేవా?" అని అడిగాను.

ఆవిడ ఫోటో వంక చూసింది. చెప్పబోయి ఆగింది. మళ్ళీ చూసింది. ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"గుర్తు లేదండి" అంది. "దీన్నే చూసి చూసి... ఇది తప్ప ఇంకో మొహం రావట్లేదండి."

పడవ వేళైతే లేచి వచ్చేశాను. ఆ పాప నవ్వుని కాలం కన్నతల్లి మనసులోంచి కూడా తుడిచేసింది. రంగుల పెట్టె కోసం పనిలో చేరిన ఒక పిల్ల పెట్టిన ఆ రెండు కళ్ళని మాత్రం తుడవకుండా వదిలేసింది.