కత్తి ఆటపై బావా బామ్మర్దుల అభిప్రాయం

కరోనా తగ్గి బడులన్నీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూన్‌లో తొలి వానలు పడ్డాక, నన్ను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు ఫీల్డ్ అసిస్టెంట్‌గా వేశారు. మా కంపెనీ హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసేది. పెద్ద కంపెనీ కాదు. పాతకాలపు గేమ్ ఒకదాని హక్కులు కొని, దాన్ని ఇప్పటి టీవీలకు తగినట్టు కొత్తగా తయారుచేస్తోంది. ఆ గేమ్ పేరు ‘ఉక్కు కోట’. మా వైపు ఎవరూ ఆ పేరు పలికేవారు కాదు. కత్తి పట్టిన వీరుడు ఎదురొచ్చిన రాక్షసులను నరుక్కుంటూ కోట దాకా పోవాలి. అంతే ఆట. అందుకని అందరికీ అది కత్తి ఆట.

దానితో నా పరిచయం పాతది. సూర్యాపేట బస్టాండు దగ్గర ఆ ఆట మిషన్‌తో వీడియో గేమ్ పార్లర్ ఉన్న రోజుల్లో అక్కడ ఊడ్చే పనికి చేరాను. తర్వాత మిషన్‌లో వేసే బిళ్లలు ఇచ్చే కౌంటర్‌లో కూర్చోబెట్టారు. అప్పటికి నాకు అక్షరం రాదు. నలభై దాటాక వయోజన విద్యా కేంద్రంలో చదవడం, రాయడం నేర్చుకున్నాను. పార్లర్ పోయి గేమ్ జోన్ వచ్చాక సూపర్‌వైజర్‌ని అయ్యాను. అక్కడి నుంచి ఈ కంపెనీకి వచ్చాను. ఉద్యోగంలో అది నా చివరి పోస్టింగ్.

చేయాల్సిన పనిని ప్లే టెస్ట్ అంటారు. సగం తయారైన గేమ్‌ను బిల్డ్ అంటారు. ఆ బిల్డ్‌ను టీవీకి కలిపి, ఆడేవాళ్లను కూర్చోబెట్టి, ఆట అయ్యాక ప్రశ్నలు అడిగి, వాళ్ల అభిప్రాయం కాగితం మీద రాసి పంపాలి. నియమాలు గట్టివి. ఆడేవాళ్లకు నేర్పకూడదు. ఎవరైనా గేమ్‌ను తిడితే దాన్ని వెనకేసుకు రాకూడదు. మన ముఖంలో సంతోషం గానీ, బాధ గానీ కనిపించకూడదు. వాళ్లు అన్న మాట అన్నట్టే రాయాలి. ఈ చివరి నియమం నాకు సులువు. చదువు ఆలస్యంగా వచ్చినందువల్ల ఒకరి మాటను కుదించి నా మాటల్లో రాయడం ఇప్పటికీ నాకు కష్టమే. ఎట్లా అంటే అట్లా రాసేస్తాను. ఆ కాగితాలను పై అధికారి, అంటే టెస్ట్ లీడ్, చదివి తయారుచేసేవాళ్లకు అందిస్తుంది. మా టెస్ట్ లీడ్ పేరు శ్రావణి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చురుకైన పిల్ల.

ఈ మూడు ఊళ్లను ఎంపిక చేయించింది శ్రావణే. పాత మిషన్ మీద ఆడినవాళ్లు ఇక్కడ ఎక్కువ. పైగా ఇక్కడ ఎవరూ ఒంటరిగా ఆడలేదు. పక్కపక్కన నిలబడి ఇద్దరు కలిసి ఆడేవారు. దాన్ని జంట ఆట అంటారు. కొత్త గేమ్‌లో కూడా జంట ఆట ఉంచాలా, తీసేయాలా అన్నది కంపెనీలో తేలలేదు. అది తేల్చడానికే ఈ టెస్టు. మొదటి విడతలో ఒక్కొక్కరిని, రెండో విడతలో జంటలను ఆడించాలన్నది పద్ధతి.

సూర్యాపేటలో కోచింగ్ సెంటర్ వాళ్ల గది ఒకటి కిరాయికి తీసుకున్నాం. కబురు అందగానే పాత ఆటగాళ్లు ఎగబడి వచ్చారు. ఒకప్పుడు బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు ఇప్పుడు పొట్టలు, కళ్లద్దాలతో వచ్చారు. మొదట వచ్చింది నర్సింహ. హైవే పక్కన లారీ సామాన్ల దుకాణం అతనిది.

“యాదమ్మక్కా, నువ్వింక గేములు వదల్లేదా?” అన్నాడు లోపలికి వస్తూనే.

మొదటి వంతెన మీదనే అతను మళ్లీ మళ్లీ చచ్చిపోయాడు. కత్తి ఎత్తేలోపే రాక్షసుడు కొట్టేస్తున్నాడు. చొక్కా తడిసిపోయింది. ఆట అయ్యాక, ఎలా ఉందని అడిగాను.

“మస్తుగున్నదక్కా. ఒక్క వంక లేదు. రాసుకో.”

రాసుకున్నాను. తర్వాత వచ్చినవాళ్లందరూ అదే అన్నారు. కోదాడలో సెల్‌ఫోన్ దుకాణం మీది గదిలో పెడితే అక్కడ మాట తీరు మారింది గానీ మాట మారలేదు. “చాలా బాగుందండి మేడం గారూ, మార్చాల్సింది ఏమీ లేదండి” అని ఒకాయన అన్నాడు. తెర మీద ఆయన ఆడించే వీరుడు గోడలో ఇరుక్కుపోయి, ఆట ముగిసేదాకా బయటికి రాలేదు. అది నేను కళ్లారా చూశాను. అయినా ఆయన అన్నదే రాయాలి కదా, రాశాను.

శ్రావణి ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. మా కాగితాల ప్రకారం గేమ్‌లో ఒక్క లోపం కూడా లేదని, లోపమే లేని గేమ్ ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదని చెప్పింది. సంస్థ అధిపతి వాటిని పక్కన పెట్టేశారట. మిర్యాలగూడ నుంచి కూడా అవే పొగడ్తలు వస్తే మూడు ఊళ్ల టెస్టు ఆపేస్తామన్నారట. దానితోపాటు జంట ఆటను కూడా గేమ్‌లోంచి తీసేస్తారు. హైదరాబాదు టెస్టర్లు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా ఆడతారు. ఇద్దరి ఆటలో ఎక్కడ తేడా వస్తుందో చెప్పేవాళ్లు మా ఊళ్లవాళ్లే. వాళ్లు చెప్పకపోతే ఎవరూ బాగుచేయలేరు. మిర్యాలగూడ కాగితాలకు వారం గడువు ఇచ్చారు.

నేను నేరుగా నర్సింహ దుకాణానికి వెళ్లాను. వంతెన మీద అన్నిసార్లు చచ్చి, వంక లేదని ఎందుకు చెప్పావని అడిగాను. అతను ముందు నవ్వాడు. తర్వాత గల్లా పక్కన కుర్చీ వేసి కూర్చోమన్నాడు.

“అక్కా, రేపో మాపో రిటైరయితవు. గిప్పుడు మేము గేము బాగలేదంటే నీ నౌకరి మీదికి రాదా? పింఛన్ ఆపితే ఎట్ల? అందుకే మనోళ్లందరికీ చెప్పిన.”

“అందరికీ అంటే?”

అతను ఫోన్ తీసి చూపించాడు. పాత పార్లర్ ఆటగాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నర్సింహ పెట్టిన సందేశం: ‘యాదమ్మక్క గేము వస్తుంది. ఎవ్వరూ చెడ్డగ చెప్పొద్దు. కోదాడ, మిర్యాలగూడ అన్నలు కూడా గమనించగలరు.’ కింద వరుసగా దండాలు, బొటనవేళ్లు.

గేమ్‌ను తయారుచేసింది నేను కాదని, తిడితే నాకేమీ కాదని, తిట్లు సేకరించడమే నా ఉద్యోగమని వివరించాను. నర్సింహ శ్రద్ధగా విన్నాడు. విని, “నువ్వు గట్లనే అంటవక్కా, నాకెరుకే. నీ మనసు మంచిది” అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఇక చెప్పి లాభం లేదని తాగి వచ్చేశాను.

మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు వెనక గది దొరికింది. ముందు రోజే పెళ్లి జరిగిందేమో, గోడ పొడుగునా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రైస్ మిల్లులో మిషన్ ఆపరేటర్‌గా పనిచేసే సైదులు మొదట వచ్చాడు. పెన్‌పహాడ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నెమ్మదస్తుడు. ఆడాడు, ఓడాడు, చేతులు కట్టుకుని నిలబడి “సూపర్ ఉన్నదక్కా” అన్నాడు. గ్రూపు సందేశం అతనికీ అందిందని అర్థమైంది.

అప్పుడే అతని బామ్మర్ది వెంకన్న తలుపు దగ్గరికి వచ్చాడు. భార్య తమ్ముడు. అన్నానికి పిలుచుకుపోవడానికి వచ్చి, తెర మీద కత్తి ఆట చూసి ఆగిపోయాడు. గ్రూపులో లేడు గనుక అతనికి ఏ సందేశమూ తెలియదు. గేమ్ ఆడే రెండో రిమోట్ తీసుకుని కూర్చుంటానన్నాడు. నియమం ప్రకారం అభ్యంతరం లేదు, కూర్చోమన్నాను.

“బావా, గది కత్తా, వడ్లు దంచే రోకలా? లేస్తనే లేదు.”

“నేనేం జెయ్యాల్రా. గుండీ నొక్కి, చాయ్ తాగొచ్చినా లేస్తలేదు. పాత మిషన్‌ల గిట్ల నొక్కుతే గట్ల తెగేది.”

“నీ ఏలు మొద్దుబారినాది, కత్తినంటవేంది?”

“అరే, నీది లేస్తున్నాదిర మరి? నువ్వేడున్నవ్ అసలు? కనిపిస్తలేవు.”

“నువ్వు ముందు ఉరుకుతే తెర నీ ఎంబడే పోతున్నది. నన్ను గీడ ఇడిసిపెట్టినవ్. మా అక్కను గూడ గిట్లనే జాతరల ఇడిసిపెట్టొచ్చినవ్.”

“మీ అక్కే నన్ను ఇడిసిపెట్టిందిరా.”

నేను కలం ఆపలేదు. మా వైపు బావా బామ్మర్దుల వరస అలాంటిది. ఆ వరసలో ఎంత మాటన్నా తప్పు పట్టరు. ఊరుకుంటేనే ఏమైందని అడుగుతారు. అంతవరకు నాకు మర్యాద చేసిన సైదులు, బామ్మర్ది పక్కన కూర్చోగానే నన్ను మరిచిపోయాడు. నేను ఏ ప్రశ్నా అడగకుండానే వంకలన్నీ బయటికి వచ్చాయి. కత్తి ఆలస్యంగా లేస్తోంది. ముందు పోయేవాడితోనే తెర పోతోంది, వెనకవాడు కనిపించకుండా పోతున్నాడు. పాత ఆటలో ఇద్దరూ వచ్చేదాకా తెర కదిలేది కాదు. దెబ్బలు తిన్న వీరుడికి పాత ఆటలో కోడికూర దొరికేది, కొత్తదానిలో మందు సీసా ఇస్తున్నారు.

“యుద్ధంల ఉన్నోనికి దవాఖాన మందు ఇస్తరా బావా? మన మిల్లు కాడ గూడ గింత అన్యాయం లేదు” అన్నాడు వెంకన్న.

ఆ మాట కూడా రాసుకున్నాను. వాళ్లు మెచ్చుకున్నవీ రాసుకున్నాను. వాన పడుతుంటే గుర్రం మీద పోయే చోటు వచ్చినప్పుడు ఇద్దరూ తిట్టుకోవడం ఆపి చూశారు. “గిది బాగ తీసిండ్రు” అని వెంకన్న మెల్లగా అన్నాడు.

సాయంత్రం శ్రావణికి ఫోన్‌లో చదివి వినిపించాను. నవ్వుతూనే ఉంది. మధ్యలో ఆపమని, అక్కడ కంప్యూటర్ ముందున్న వాళ్లను పిలిచి, మొదటి నుంచి మళ్లీ చదవమంది. చివరికి, “యాదమ్మ గారూ, ఇకమీదట మనిషిని ఒక్కరినే పిలవొద్దు. ఎవరికి బావలున్నారో, బామ్మర్దులున్నారో వాళ్లను జంటలుగా కూర్చోబెట్టండి. ప్రశ్నల కాగితం పక్కన పెట్టేయండి” అంది. పద్ధతి మార్చే అధికారం టెస్ట్ లీడ్‌కే ఉంటుంది. ఆ రాత్రే రాతపూర్వకంగా పంపింది. సూర్యాపేట, కోదాడలలో కూడా టెస్టు మళ్లీ చేయమంది.

ఆ వారం నా ఉద్యోగంలో అన్నిటికన్నా సరదాగా గడిచింది. నర్సింహ తన బావను తుంగతుర్తి నుంచి పిలిపించాడు. ఆ బావ వంతెన మీద నర్సింహ పడిపోతున్న తీరు చూసి, దుకాణం కూడా ఇట్లనే నడుపుతున్నావా అని అడిగాడు. అప్పుడు గానీ నర్సింహ నోటి నుంచి కత్తి సంగతి బయటికి రాలేదు. కోదాడలో వరస మార్చి వదినా మరదళ్లను కూర్చోబెట్టాను. వదిన బడిలో టీచరు. మరదలు కుట్టు మిషన్ నడుపుతుంది. ఇద్దరూ గారూ, అండీ వదలకుండా ఒకరినొకరు చీల్చి చెండాడుకున్నారు.

“వదిన గారూ, మీరు రాక్షసుణ్ణి కొడుతున్నారా, హారతి ఇస్తున్నారా?”

“కత్తి లేచాక కదమ్మా కొట్టేది. నువ్వు కాస్త ఆగు, నీతోపాటు తెర కూడా పోతోంది. ఎక్కడికెళ్లినా నీకు తొందరే.”

కాగితాలు గడువులోపే వెళ్లాయి. పదిహేను రోజులకు కొత్త బిల్డ్ వచ్చింది. ఈసారి శ్రావణితోపాటు సంస్థ అధిపతి కూడా మిర్యాలగూడకు వచ్చారు. జంట ఆట ఉంచాలో వద్దో ఆయన స్వయంగా చూసి అక్కడే నిర్ణయిస్తానన్నారు. ఆయన మాట్లాడటం తక్కువ. ఫంక్షన్ హాలు గదిలో కుర్చీల వరస పక్కన నిలబడ్డారు. వెంకన్న ఇంకా రాలేదు. సైదులు సార్‌ను చూసి మళ్లీ చేతులు కట్టుకున్నాడు. ఎలా ఉందని సార్ అడిగితే, ఆట మొదలుకాకముందే “సూపర్ సార్” అన్నాడు. సార్ శ్రావణి వైపు చూశారు. శ్రావణి నేల వైపు చూసింది.

వెంకన్న లూనా ఆపిన చప్పుడు వినిపించింది. లోపలికి వచ్చి, ఎవరినీ పట్టించుకోకుండా రిమోట్ తీసుకున్నాడు.

“బావా, నేనొచ్చిన. ఇగ సావడానికి తయారుగుండు.”

ఆట మొదలైంది. గుండీ నొక్కగానే కత్తి లేచింది. సైదులు ముందుకు ఉరికితే తెర ఆగింది. వెనక నుంచి వెంకన్న వచ్చి కలిశాకనే కదిలింది. ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నరకడం మొదలుపెట్టారు. వెంకన్న ప్రాణం తగ్గినప్పుడు దారిలో కోడికూర కనిపించింది. సైదులు దాన్ని ముట్టకుండా పక్కకు జరిగి, “తిను, మీ అక్క వండింది అనుకో” అన్నాడు.

“మా అక్క వండితే గింత బాగుంటదా?”

సార్ కుర్చీ ఒకటి తీసి వేసుకుని కూర్చున్నారు. కోట తలుపు పగిలేసరికి ఆయన ముందుకు వంగి ఉన్నారు. వెంకన్న రిమోట్ కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

“బావా, గేము బాగయింది. ఇగ నువ్వే బాగుపడాలె.”

సార్ అప్పుడు నవ్వారు. లేచి, జంట ఆట ఉంటుందని శ్రావణితో చెప్పారు. మూడు ఊళ్ల టెస్టు గేమ్ విడుదలయ్యే దాకా నడిచింది. నేను మాత్రం ఆ ఏడాది చివరన రిటైరయ్యాను.

నా స్థానంలో చేరిన అమ్మాయికి పని అప్పగించేటప్పుడు నియమాలన్నీ చెప్పాను. వాటికి తోడు, ఈ సంగతి వల్ల నేర్చుకున్నది కూడా చెప్పాను. మనల్ని గౌరవించేవాళ్లు మనకు మర్యాద ఇస్తారు, అభిప్రాయం ఇవ్వరు. అది కావాలంటే వాళ్ల పక్కన, వాళ్లు మొహమాటపడని మనిషిని కూర్చోబెట్టాలి. ఆ తర్వాత రాసుకోవడమే మన పని.