వేడి అని పిలిచిన సవాయి

మా బావ యాకుత్‌పురాలో బర్రెలు పెట్టుకుని పాలు అమ్మేవాడు. పాలకు మంచి పేరు, మనిషి సంగతి మాకే తెలుసు. అక్కకు కడుపు నిలిచేది కాదు, నిలిచినా పిల్ల చచ్చి పుట్టేది. "దీని కడుపుల వేడి ఉన్నది, పిండం నిలుస్తలేదు" అని అక్క అత్త సబ్జా నీళ్లు తాగిస్తూనే, ఉప్పుగూడలో కొడుక్కి రెండో పెళ్లికి పిల్లను చూస్తోంది. ఛీ, అదీ ఒక పెద్దరికమేనా!

చూడలేక అక్కను నేనే జనానా దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ అక్క అరచేతుల మీది మచ్చలు చూసి, రక్తం తీసి పరీక్షకు పంపింది. సవాయి అని, మొగుడూ పెళ్లాల్లో ఒకరి నుంచి ఒకరికి అంటే సుఖరోగమని తేలింది. "మొగుణ్ని తోలుకరా, ఆయన రక్తం గూడ చూడాలె" అంది.

ఆ మాట చెబితే బావ మీసం దువ్వాడు. "మగోనికి గిట్లాంటివి రావు. రోగం దానికి, సూది గూడ దానికే."

ఆయన తల్లి తలూపింది. ఇద్దరికీ కలిపి ఒక్క దూడకున్న తెలివి లేదు.

మా బాపు వాకిట్లో అందరి ముందే అడిగాడు. "ఏం అల్లుడా, బర్రెలు వరుసబెట్టి చూడి నిలువక ఈసుకపోతే ముందుగాల దున్నపోతును చూస్తవు గద? గీడ ఎందుకు చూడవు?"

పాలకొచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు తాళలేకే బావ రక్తం ఇచ్చాడు, పెళ్లాం మీద ప్రేమతో కాదు.

ఫలితం వినడానికి అత్తతో సహా అందరం దవాఖానకు పోయాం. ఆయన రక్తంలోనూ అదే రోగం. "దీనితోనే అంటింది నాకు" అన్నాడు, సిగ్గులేని మనిషి.

"ఎన్నడన్న నొప్పి లేని పుండు అయిందా?" అడిగింది డాక్టరమ్మ. బావ నేల చూపులు చూశాడు. కొడుకును కాపాడబోయి అత్త నోరు తెరిచింది.

"అది రోగం గాదమ్మా! పెండ్లికి ముంగట వేడి చేసి అయింది. నేనే బార్లీ నీళ్లు తాపిన, వెన్న రాసిన. మందు లేకుంటనే మానింది!" గొప్పగా చెప్పింది మహాతల్లి.

"మానలేదు, లోపలికి పోయింది. గదే నీ కోడలికి అంటింది. ఇంకో పిల్లను తెస్తే ఆమెకు గూడ గిదే గతి. ముందు ఇద్దరూ సూదులు వేయించుకోవాలె."

అక్క డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "అయితే నా పిల్లలు నా పాపానికి పోలేదు గద, డాక్టరమ్మా?"

"నీ పాపం ఏం లేదు బిడ్డా."

అక్క నా మీద పడి ఎక్కెక్కి ఏడ్చింది. అన్నాళ్లూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. బావ లేచి టోపీ సర్దుకున్నాడు. "బర్లకు పాలు పిండే యాళ్లయింది" అంటూ బయటికి నడిచాడు.