కొత్త కోడలు ఎక్కితే ఏడ్చిన కారు

ఇప్పుడు పాట లేని కారు యాడన్నా ఉండాదా అని వెతకాల. మా వయసు కాలంలో అట్ల కాదు. తిరువళ్ళూరు బజారులో కారు ఉండేవాళ్ళే తక్కువ, ఆ కారులో క్యాసెట్టు పాడించేవాళ్ళు ఇంకా తక్కువ. ఉత్త కారు పోతే తలెత్తి చూసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో, పాడతా పోయే కారు వస్తే వీధి వీధంతా గడప మీదికి వచ్చేది. అట్లాంటి కాలంలో మా పెదనాయన ఒక పాత తెల్ల కారు కొని, దాంట్లో క్యాసెట్టు సెట్టు పెట్టించినాడు. బిగించింది నేనే. అప్పటికి నాకు మీసం సరిగ్గా మొలవలేదు గానీ, రేడియో అంగట్లో పనికి చేరి స్క్రూడ్రైవరు చొక్కా జేబులో పెట్టుకొని తిరిగేదానివల్ల ఇంట్లో అందరికీ నేను 'రేడియోగాడు' అయిపోయినాను. (డాక్టరుకి మెళ్ళో గొట్టం ఎట్లనో నాకు ఆ స్క్రూడ్రైవరు అట్ల. పెండ్లిండ్లకి పోయినా తీసేవాణ్ణి కాదు.)

మా ఇంటి గుణం కూడా ముందే చెప్పేయాల. మాది అనుమానాల ఇల్లు. పెదనాయనది నూనె మండీ. వచ్చిన సరుకు మూడుసార్లు వాసన చూడకుండా లోపలికి రానిచ్చే మనిషి కాదు. అదే అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. పాలల్లో వేలు ముంచి చూసేవాడు, టెంకాయని చెవి దగ్గర పెట్టి ఊపేవాడు, పంచాంగం కొంటే రెండు కొని ఒకదానితో ఇంకోటి సరిచూసేవాడు. "నమ్మి చెడినోడు ఊరికి పదిమంది ఉండారు, అనుమానించి చెడినోణ్ణి ఒకణ్ణి చూపించరా" అనేవాడు. నేను సెట్టు బిగించిన దినం స్పీకరుకి చెవి ఆనించి పాట మొత్తం విని, "ఇది కొత్త మాలేనా, లేకుంటే మీ అంగడి ముదలాళి పాతదానికి పాలీసు పెట్టించినాడా?" అన్నాడు. పెద్దమ్మ మాత్రం మురిసిపోయింది. వెనక సీటు వెనకాల, అద్దం కింద పెట్టిన రెండు స్పీకరు పెట్టెలకీ లేసు గుడ్డలు అల్లి తొడిగింది. (ఆ కాలంలో రేడియోకి గుడ్డ, గడియారానికి గుడ్డ. మా పెద్దమ్మ కుక్కరుకి కూడా కుట్టిందంటే నమ్మండి.)

అంతలో పెదనాయన కొడుక్కి, అంటే మా అన్నకి, కడంబత్తూరు సంబంధం కుదిరి పెండ్లయింది. పొద్దుగూకే ఏళకి కొత్త పెండ్లికూతుర్ని కారులో ఇంటికి పిలుచుకొని వస్తా ఉండాం. నేను ముందు సీట్లో కూర్చొని గొప్పగా సామి పాటల క్యాసెట్టు పెట్టినాను. పాట మొదలయింది, దాంతోపాటే "కుయ్‌య్‌య్" అని ఒక ఏడుపు కూడా మొదలయింది. కారు మెల్లగా పోతే మెల్లగా ఏడుస్తుంది, జోరుగా పోతే గొంతు పెంచి ఏడుస్తుంది. ఇల్లు చేరేదాకా అదే కత. వదిన దిగి, కుడికాలు పెట్టి లోపలికి పోయినాక మళ్ళీ పెట్టి చూసినాను. పాట పాలమాదిరి స్వచ్ఛంగా వచ్చింది. ఏదో తీగ వదులై ఉంటుందిలే అనుకొన్నాను. తరవాత అందరం తిరుత్తణి కొండకి మొక్కు తీర్చను పోయినాం. పోయేటప్పుడూ ఏడుపే, వచ్చేటప్పుడూ ఏడుపే, అదీ మొదటిదానికన్నా గట్టిగా. మధ్యలో పెదనాయన ఒక్కడే మండీకి పోయి వచ్చిన దినం మాత్రం కారు చక్కగా పాడింది.

ఇంక చూడండి, మా ఇంటికి దీనికంటే పండగ యాడుండాది! పెదనాయన మొదట నా మీద అనుమానపడినాడు, ఆనక మా ముదలాళి మీద, ఆనక డ్రైవరు మీద. (డ్రైవరు అద్దాలు సోడాబుడ్డి అడుగంత మందం. "వాడికి రోడ్డే కనపడదు, స్పీకరు ఏం మారుస్తాడు" అని నేనే విడిపించినాను.) నాకు తెలిసిన విద్యంతా చూపించినాను. డైనమోకి కండెన్సరు కట్టినాను, ఇంజను తీగల్ని సెట్టుకి దూరంగా జరిపినాను, సెట్టు ఎర్తు తీగని గీకి కొత్తగా బిగించినాను. ఉత్త కారులో పెట్టి చూస్తే ఏడుపు లేదు. "పోయింది పెదనాయనా!" అని చెయ్యి తుడుచుకొన్నాను. ఆ సాయంత్రమే అన్నా వదినా పెద్దమ్మా ఎక్కినారు. కుయ్‌య్‌య్!

పెదనాయన తానే పరీక్ష పెట్టినాడు. వదిన కూర్చొనే తావులో ముందు పెద్దమ్మని ఒక్కదాన్నే కూర్చోబెట్టినాడు. పాట బాగుంది. అన్నని కూర్చోబెట్టినాడు, నన్ను కూర్చోబెట్టినాడు, ఆఖరికి మండీలో పనిచేసే లావుపాటి కూలీని పిలిపించి కూర్చోబెట్టినాడు. బాగుంది. వదినని ఎక్కమన్నాడు. పెద్దమ్మ కూడా పక్కన ఎక్కి కూర్చొనింది. కొత్త కోడలు ఎక్కితే తనూ ఎక్కాల్సిందే, అది ఆమె పెట్టిన రూలు. తాళం తిప్పినాం. కుయ్‌య్‌య్! వదిన తల దించుకొని దిగి లోపలికి పోయింది.

నేను ఊరుకోవచ్చు గదా. ఊరుకొంటే నేను రేడియోగాణ్ణి ఎట్లయితాను? నైలాను చీర రాసుకొంటే కరెంటు పుడుతుందని యాడో విన్నాను. "వదినా, నూలుచీర కట్టుకొని ఒకసారి ఎక్కు" అన్నాను. ఆ మాట అన్న చెవిలో పడింది. అప్పటిదాకా నోరు తెరవని మనిషి, "నా పెండ్లాం చీర సంగతి నీకెందుకురా?" అని నన్ను చూసిన చూపు ఇప్పుడు తలుచుకొన్నా ఒళ్ళు జలదరిస్తుంది. నూలుచీరతో ఎక్కినా ఏడిచింది. గాజులు తీసి ఎక్కినా ఏడిచింది.

ఈ రగడ ఇంటితో ఆగలేదు. పక్కింటోళ్ళు గోడమీదనుంచి "ఎన్నప్పా, వండి అళుదా?" (ఏమప్పా, బండి ఏడుస్తా ఉందా) అని అడిగేదానికి మొదలుపెట్టినారు. ఆడి నెల (ఆషాఢం మాదిరే) దగ్గర పడింది. మా పక్క కొత్త జంట ఆడిలో ఒకతావున ఉండకూడదు, పిల్లని పుట్టింట్లో దింపి, నెల ముగిసినాక పిలుచుకొంటారు. ఒక దినం అన్నాలు తినేటప్పుడు పెదనాయన తలెత్తకుండానే అన్నాడు, "ఆడి నెలకి పోయే పిల్ల ఆడనే ఉండనీ. జోశ్యుణ్ణి అడిగినాక చూస్తాం, ఎప్పుడు పిలిపించేదో." ఎప్పుడు అన్నాడు గానీ, అసలు పిలిపిస్తామా అనేది ఆ గొంతులో ఉండాది. అన్న చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. వడ్డిస్తా ఉండిన వదిన గరిటె కింద పెట్టేసి వంటింట్లోకి పోయింది. నేను బిగించిన పెట్టె ఒక పిల్ల కాపురాన్ని ఏడిపిస్తా ఉండాది, నేనేమో కండెన్సర్లు కట్టుకొంటా కూర్చున్నాను.

కడంబత్తూరుకి పోయే దినం వచ్చింది. పొద్దున్నే కారు తుడుస్తా ఉంటే వదిన వచ్చింది. "ఏమయ్యా మరిదీ, ఒక అనుమానం" అనింది. (మా ఇంట్లో అడుగుపెట్టినాక ఆమెకీ అంటుకొనింది చూడండి.) "నేను ఎక్కినప్పుడంతా ఏడుస్తుందా, నేను ఎక్కేది ఇంట్లోవాళ్ళు చూస్తేనే ఏడుస్తుందా? ఎవురికీ చెప్పకుండా ఒకసారి ఎక్కి చూస్తా, పెట్టు." పెద్దమ్మ స్నానానికి పోయి ఉండాది, పెదనాయన పూజలో ఉండాడు. వదిన ఎక్కి తన తావులో కూర్చొనింది. తాళం తిప్పి, కాలితో ఎక్సిలేటరు నొక్కి, పాట పెట్టినాను. ఏడుపు లేదు! ఇంకా గట్టిగా నొక్కినాను. పాట ఒక్కటే, పాటకి తోడు ఇంకేమీ లేదు. వదిన రెండు చేతులూ మొగానికి అడ్డం పెట్టుకొని ఏడిచింది. అన్నిదినాలూ మా ముందర ఒక్క కన్నీటిబొట్టు రాల్చని పిల్ల.

పాట విని పెద్దమ్మ తడిజుట్టుతోనే వాకిట్లోకి వచ్చింది. "ఏమే అమ్మీ, నాకు చెప్పకుండా కారెక్కినావు?" అని అదిరిపడి, గబగబా లోపలికి పోయి, కొంగులో ఏదో దాచుకొని వచ్చి వదిన పక్కన కూర్చొనింది. సర్దుకొంటున్నట్టు చెయ్యి వెనక్కి పెట్టింది. లేసు గుడ్డ కదిలింది. కుయ్‌య్‌య్!

నాకు ఒళ్ళు మండింది. ఓహో, ఇదా సంగతి! కొత్త కోడల్ని ఇంట్లోనుంచి తరిమేదానికి అత్త చేసే పనులు విన్నాను గానీ, మా పెద్దమ్మ, నాకు చిన్నప్పుడు వెన్న పెట్టిన పెద్దమ్మ, ఇట్ల చేస్తుందా? "పెద్దమ్మా, చెయ్యి తియ్యి!" అని అరిచినాను. ఆ అరుపుకి పెదనాయన పూజలోనుంచి లేచి వచ్చినాడు, అన్న వచ్చినాడు. నేను అందరి ముందరా దొంగని పట్టిన పోలీసుమాదిరి గుడ్డ ఎత్తినాను. స్పీకరు పెట్టె వెనకాల పెద్దమ్మ వక్కలు కత్తిరించే అడకత్తెర, దాని పక్కన ఇంటి పెద్ద తాళంచెవి, ఒక లాడం, ఇంత పొడుగు మేకు.

"ఏంది ఇదంతా?" అన్నాడు పెదనాయన.

పెద్దమ్మ దొంగచూపు చూడలేదు. కోపంగా చూసింది. "ఏందంటారే? కొత్త పెండ్లికూతురు ఊరు దాటేటప్పుడు ఇనుము లేకుండా పంపిస్తారా యాడన్నా? గాలీ దూళీ అంటకుండా ఎక్కేటప్పుడు పెట్టినా, దిగేటప్పుడు తీసినా. చెప్తే పని చెయ్యదు, అందుకే చెప్పలా. మొదటి దినం అడకత్తెరే పెట్టినా. కారు ఏడిచింది. బిడ్డ వెంట ఏదో పడిందిరా దేవుడా అని బయమేసి తాళంచెవి పెట్టినా. ఇంకా ఏడిచింది. లాడం పెట్టినా, మేకు పెట్టినా. మీరేమో దాని అడుగు మంచిది కాదంటిరి. నేను ఎవురికి చెప్పుకొనేది?" అనింది.

నేను ఆ ఇనుమంతా ఎత్తినాను. ఏడుపు ఆగింది. స్పీకరుకి వెనక తీగ తగిలించే ఇత్తడి ముక్కలు ఉంటాయి. ఆ అడకత్తెర ఒక కాలు ఆ ముక్కకీ ఇంకో కాలు కారు రేకుకీ ఆనుకొంటే ఇంజను కరెంటు దొడ్డిదారిన స్పీకరులోకి దూరుతుంది. పెదనాయన ఊరికే నమ్ముతాడా? తానే పెట్టినాడు, కుయ్! తీసినాడు, పాట. వదినని దిగమని మళ్ళీ పెట్టినాడు, కుయ్! తనే ఎక్కి కూర్చొని పెట్టినాడు, కుయ్! "నేను కూర్చొన్నా ఏడుస్తా ఉండాదే" అని గొణిగినాడు. ఆనక తువ్వాలు భుజాన వేసుకొని, ఎవురి మొగమూ చూడకుండా లోపలికి పోయినాడు. జోశ్యుడి మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను కత ముగిసిందనుకొన్నాను. పెద్దమ్మ అనుకోలేదు. జుట్టు కూడా ముడవకుండా పక్కింటికి పోయి, "కారు ఏడిచింది నా పనివల్ల, నా కోడలి వల్ల కాదు" అని చెప్పింది. ఎదురింట్లో చెప్పింది. వీధి చివరిదాకా పోయి చెప్పింది, తెలుగు వచ్చినోళ్ళకి తెలుగులో, రానోళ్ళకి అరవంలో. బతుకంతా ఒక్కసారి కూడా 'నాదే తప్పు' అనని మనిషి. ఆ దినమే కడంబత్తూరులో వియ్యపురాలు నీళ్ళ చెంబు ఇస్తే తాగకుండా పట్టుకొని నిలబడి, "మీ బిడ్డ మీద మా ఇంట్లో ఒక మాట పడింది, అది నావల్ల పడింది. ఆడి ముగిసిన మరుసటి పొద్దే నేనే వచ్చి పిలుచుకొని పోతా. ఆ దినానికి నేను రాకుంటే నన్ను మనిషని అనుకోవద్దు" అనింది. అప్పుడు తాగింది నీళ్ళు. చెప్పినట్టే చేసింది, ఎవురికోసమూ ఆగకుండా రైలెక్కి ఒక్కతే పోయి పిలుచుకొని వచ్చింది.

ఇప్పుడు వదిన తలకూడా నెరిసింది. ఆ సంగతి వస్తే నేను నా కండెన్సరు ప్రతాపమంతా చెప్తాను, ఆమె విని నవ్వి ఊరుకొంటుంది. అందరి ముందరా గుడ్డ ఎత్తి దొంగని పట్టినానని ఎగిరిన ఆ కుర్రోణ్ణి తలుచుకొంటే నాకూ నవ్వు వస్తుంది. పాపం, వాడికి తీగల్లో ఏం పోతా ఉందో తెలుసు గానీ మనుషుల్లో ఏం పోతా ఉందో తెలీదు. ఆ ఇంట్లో మేమందరం ఆ పిల్లని చూసి బయపడితిమి. ఆ పిల్లకోసం బయపడింది పెద్దమ్మ ఒక్కతే.