నిండు బోటుకు దారి

మొన్న ఎండాకాలం ఎల్బీనగర్‌ల నా ఆటో ఎక్కిన పెద్దాయన కాకినాడ రేవుల చేపల బోటు నడిపేటోడట. చంపాపేట్ గల్లీల మాకు నీళ్ల ట్యాంకర్ ఎదురొచ్చింది. ముందుగాల గల్లీల జొచ్చింది నేనే, నేనెందుకు తగ్గాలె? హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యలే. ఆ డ్రైవరూ తియ్యలే.

వెనక సీట్లకెల్లి పెద్దాయన మెల్లగ అన్నడు: "మా రేవులో ఖాళీ బోటే పక్కకి తప్పుకోవాలి బాబూ. చేపలతో నిండి వచ్చేదాన్ని చప్పున ఆపలేం. ఇప్పుడు మనమేం మోస్తున్నాం?"

నా బండిల ఆయనొక్కడు, ఆయన చేతిసంచి. నా వెనక ఇండ్ల ముంగట బిందెలు పెట్టుకొని ఆడోళ్లు ట్యాంకర్ కోసమే చూస్తున్నరు. రివర్స్ చేసిన. పోతపోత డ్రైవర్ చెయ్యెత్తిండు. నాకన్న ముందు పెద్దాయన ఎత్తిండు.

ఇప్పుడు గల్లీల బండి ఎదురైతే, హారన్ కొట్టకముందు దాని టైర్లు చూస్తున్న, బరువుకు ఎంత అణిగినయో అని.