గుసగుసమ్మ సొంత మాట

స్టూడియోలో అందరూ ఆమెను గుసగుసమ్మ అనేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చే సీరియల్‌కు ఆమె ప్రాంప్టర్. కెమెరా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, నటీనటులు పలకవలసిన మాటలను ఒక్కొక్కటిగా అందిస్తుంది. రోజుకు ఇరవై పేజీలు కంఠతా పట్టడం ఎవరి తరమూ కాదు కనుక ఆమె అందిస్తేనే సీను నడుస్తుంది. తర్వాత డబ్బింగులో ఎవరి మాటలు వాళ్లు మళ్లీ చెప్పుకుంటారు. ఆమె గొంతు మాత్రం ఎక్కడా మిగలదు.

ఈ పనిలోకి ఆమె అనుకుని రాలేదు. భర్త అదే స్టూడియోలో లైట్లు చూసేవాడు. ఆయన మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఒకనాడు వెళ్లింది. ఆ పూట ప్రాంప్టరుకు గొంతు పూర్తిగా పోయి షూటింగు ఆగిపోయింది. దర్శకుడు, చదవడం వచ్చా అమ్మా, అని అడిగాడు. వచ్చునంది. చదువుతూ చదువుతూ కథలోని తల్లి బాధకు తనే కళ్లు తుడుచుకుంది. ఎదుట నిలబడ్డ నటికి ఇక గ్లిజరిన్ అక్కర్లేకపోయింది. మర్నాడూ రమ్మన్నారు. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

అత్త వేషం వేసే ఆవిడకు సగం మాట అందిస్తే చాలు, తక్కినది అల్లుకుపోతుంది. తాత వేషం ఆయనకు రెండుసార్లు చెప్పాలి, రెండోసారి చెప్పినట్టు పక్కవాళ్లకు తెలియకూడదు. ఇవన్నీ ఆమెకు కొట్టిన పిండి.

నాలుగేళ్ల కిందట పెద్దకోడలి వేషానికి వేరే భాష అమ్మాయి వచ్చింది. మొదటి రోజే "నా కళ్లలో నీళ్లు కనబడలేదా" అనబోయి "కల్లులో నీళ్లు" అంది. కల్లులో నీళ్లు కలిపిందెవరో కనుక్కోండని లైట్ల దగ్గర ఎవరో అన్నారు. సెట్టంతా పగలబడి నవ్వింది. అమ్మాయి మేకప్ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గుసగుసమ్మ తలుపు తట్టి, లోపలికి వెళ్లి, అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుక ఎంతవరకు మడిస్తే ఆ అక్షరం వస్తుందో తన నోరు తెరిచి చూపించింది. ఆ తర్వాత రోజూ భోజనాల వేళ అరగంట ఇద్దరికీ అదే పని. అమ్మాయి ఆమెను పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా వేరెవరో చెబుతున్న తన డబ్బింగు, ఏడాది తిరిగేసరికి తనే చెప్పుకుంది.

పగటి సీరియళ్లకు ఏటా అవార్డులిచ్చే వేడుక ఒకటుంది. పగటివాళ్ల వేడుక కాబట్టి పగలే చేస్తారు. ఈ ఏడు వ్యాఖ్యాతలకు మాటలు అందించడానికి గుసగుసమ్మను పిలిచారు. స్టేజీ పక్క తెర చాటున కూర్చుంది. భర్తకు చివరి వరుసలో సీటు దొరికింది.

ఉత్తమ నటి అవార్డు పెద్దకోడలికి వచ్చింది. అమ్మాయి పైకి వచ్చి రెండు మాటలు చెప్పి తడబడి, అలవాటుకొద్దీ తెర వైపు చూసింది. గుసగుసమ్మ దగ్గర ఆ అమ్మాయి చెప్పవలసిన మాటల కాగితమేదీ లేదు.

"నీకు తోచింది చెప్పమ్మా," అని మెల్లగా అంది.

అమ్మాయి తెర దగ్గరికి నడిచి, ఆమె చెయ్యి పట్టుకుని వెలుగులోకి తెచ్చింది.

"నాకు ఈ భాష మా పిన్ని పెట్టిన భిక్ష. మేమంతా ఈవిడ మాట మీదే బతుకుతున్నాం," అంది.

హాల్లో చాలామందికి ఈవిడెవరో తెలియలేదు. ముందు వరుసలో అత్త వేషం ఆవిడ లేచింది. తాత వేషం ఆయన కర్ర ఊతంతో లేచాడు. తర్వాత అక్కడొకరు, ఇక్కడొకరు, ఎప్పుడో ఒకప్పుడు ఆమె మాట అందుకున్న వాళ్లంతా నిలబడ్డారు. నలభై మంది దాకా ఉంటారు. గుసగుసమ్మ ఒక్కొక్క ముఖాన్నీ చూసుకుంటూ వెళ్లింది. అందరివీ గుర్తున్నాయి.

మైకు ఆమె చేతికిచ్చారు. గొంతు వినబడక, దగ్గరగా పెట్టుకోమని సైగ చేశారు.

"ఎవరో రాసినవి, ఎవరో చెప్పేవి. మధ్యలో కాసేపు నా నోట్లో ఉంటాయంతే. ఆ కాసేపట్లోనే నేను తల్లినయ్యాను, జడ్జినయ్యాను, డాక్టర్నయ్యాను. ఇంట్లో కూర్చుంటే ఇన్ని బతుకులు నాకెక్కడివి? మీ అందరి దయ," అని నమస్కారం పెట్టింది.

బస్సులో తిరిగి వస్తుంటే భర్త కిటికీ పక్కన కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగా చెప్పావే. ఇంట్లో నాతో మాత్రం ఒక్కనాడూ అంత మెల్లగా మాట్లాడలేదు," అన్నాడు.

ఆమె నవ్వి, రేపు పొద్దున్నే కోర్టు సీనుందని, ఎనిమిదింటికల్లా వెళ్లాలని చెప్పింది.