జెరాల్డ్ సందేహాలు

బంగారు గని మూతపడ్డాక జెరాల్డ్ బెంగళూరులో ఒక భాషా శిక్షణాలయం గుమ్మం దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. లోపల చెప్పే స్పానిష్‌లో తలుపు సందులోంచి ఆయనకు పూర్తిగా పట్టుబడింది సందేహాల పాఠం ఒక్కటే. సాయంత్రం గని ఊరికి తిరిగెళ్లే మారికుప్పం రైల్లో ఎవరేం చెప్పినా, కాలరు సవరించుకుని, న్యాయమూర్తిలా "లో దూదో" అంటాడు. అంటే అనుమానమే అని. వాన వస్తుందన్నా, రైలు కదులుతుందన్నా అదే తీర్పు.

మొన్న, ఒకప్పుడు ఆయనతో గనిలో పనిచేసిన సుందర్‌రాజ్ పేపరు ఊపుతూ ఎక్కాడు. "గని మళ్లా తెరుస్తారంటప్పా! ఇంగ దీనికీ అనుమానమేనా?"

"లో దూదో. నో క్రేయో. నేను నమ్మనప్పా!" బోగీ అంతా నవ్వింది.

జెరాల్డ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రెండు స్టేషన్లు దాటాక జెరాల్డే సుందర్‌రాజ్ చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు: "గనిలోకి దిగేటప్పుడు మన పాత టోకెన్ నంబర్లే ఇస్తారా అప్పా, కొత్తవా?"