మా అమ్మకు చెప్పిన అర్థం

మా అమ్మాయి చదివే బడిలో రోజూ ప్రార్థన అయ్యాక ఒక పిల్ల ముందుకొచ్చి కొత్త ఇంగ్లీషు మాట ఒకటి, దాని అర్థం, దానితో ఒక వాక్యం చెప్పాలి. ఎవరికీ తెలియని మాటకు చప్పట్లు ఎక్కువ. అందుకని పిల్లలంతా ఎవరూ వాడని మాటల కోసం అమ్మానాన్నల ఫోన్లు గాలిస్తారు. మా అమ్మాయికి దొరికింది ఫెరైన్. మృగంలాంటిది, మచ్చిక కానిది, క్రూరమైనది అని అర్థం. జంతువులకే కాదు, మనుషులకూ వాడొచ్చట. మా పిల్ల మనుషులకే వాడింది.

అడవుల్లో ఉండేవాళ్లు ఫెరైన్ అని ఇంగ్లీషులో వాక్యం కట్టి, ముందురోజు సాయంత్రం మా ఇంటి హాల్లో నిలబడి గట్టిగా చదివి చూసుకుంది. ఎదురుగా మా అమ్మ కూర్చుని ఉంది. చండ్రుగొండ అవతల అడవి అంచు పల్లె ఆమెది. కళ్లు చూపించుకోవడానికి ఖమ్మం దవాఖానాకు వచ్చి మా ఇంట్లో దిగింది.

మేం కోయవాళ్లం. ఆ సంగతి మా అమ్మాయికి తెలియదు. దాచానని ఒప్పుకోను గానీ, చెప్పనూ లేదు. ఈ కిరాయి ఇంట్లో అమ్మా నేనూ కోయ మాట్లాడుకునేది వంటగదిలోనే, అదీ గొంతు తగ్గించి. పక్కింటివాళ్లు వస్తే అమ్మ టక్కున తెలుగులోకి మారిపోతుంది. అలా ఉండమని నేర్పింది నేనే. పెద్ద ఘనకార్యం చేశాను.

అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఫారెస్టు అన్న మాట తెలుసు, ఫారెస్టోళ్ల పుణ్యమా అని. నా వెనకే వంటగదిలోకి వచ్చి, పిల్ల చదివింది మన గురించేనా అని కోయలో అడిగింది. ఎవరికీ తలవంచనివాళ్లని దాని అర్థం అనేశాను. అమ్మ ముఖం విప్పారింది. హాల్లోకి వెళ్లి మనవరాలి తల నిమిరింది. ఇక వాక్యం మార్చమని పిల్లకు ఎలా చెప్పను? ఎందుకని అమ్మ అడగదా? మర్నాడు బడిలో అదే చదివింది. చప్పట్లు బాగానే కొట్టారట.

ఆ వారంలోనే అమ్మను బస్సెక్కించాను. పక్కసీటులో ఉన్నామె ఏ ఊరని అడిగింది. మామూలుగా అయితే అమ్మ ఊరి పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ రోజు నిటారుగా కూర్చుని, చుట్టూ నలుగురూ వినేట్టు చెప్పింది.

"మేం కోయోళ్లం. మా అసోంటోళ్లను ఇంగ్లీషుల ఫెరైన్ అంటరట. ఎవ్వరికీ తలవంచనోళ్లని. మా బిడ్డనే చెప్పింది."

కిటికీ కింద నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టయింది. మేం ఎవరమో పరాయివాళ్ల ముందు అమ్మ నోట వినడం నాకు అదే మొదలు. నిజం చెబితే కోయోళ్లమని మళ్లీ జన్మలో అనదు. చెప్పకపోతే ఆ తిట్టును నలుగురిలో పొగడ్తలా చెప్పుకుని తిరుగుతుంది.

పక్కసీటామె కిటికీలోంచి తొంగిచూసి, నిజమేనా అని నన్నే అడిగింది. అమ్మ నా ముఖంలోకి చూస్తోంది.

నిజమేనన్నాను.